రాగి దొంగతనం: ప్రాణం పోయేది స్తంభం దగ్గర, లాభం మిగిలేది దుకాణంలో

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్త కనీసం వారానికోసారి కనిపిస్తుంది. ‘వ్యవసాయ బావి వద్ద ట్రాన్స్‌ఫార్మర్ ధ్వంసం, కాపర్ వైరు చోరీ’ అని నాలుగైదు వాక్యాల్లో ముగిసిపోతుంది. హిందీ పత్రికలు తిరగేస్తే అక్కడ ‘తాంబా చోరీ’. తమిళంలో ‘సెంబు కంబి తిరుట్టు’. బంగ్లాదేశ్ పత్రికల్లో ‘ట్రాన్స్‌ఫార్మర్ చురి’. భాష మారినా వార్త స్వరూపం మారదు. రాత్రి దొంగలు వచ్చారు, నూనె నేలపాలు చేశారు, రాగి తీసుకెళ్లారు, రైతులు ఆందోళన చెందుతున్నారు, పోలీసులు కేసు నమోదు చేశారు.

అప్పుడప్పుడు ఇదే వార్త ఇంకో రూపంలో వస్తుంది. ‘ట్రాన్స్‌ఫార్మర్ వద్ద గుర్తు తెలియని వ్యక్తి మృతి.’ పక్కన కటింగ్ ప్లేయర్, సంచి, సగం విప్పిన బోల్టులు. ఆ వార్త కింద పాఠకులు రాసే వ్యాఖ్యలు చూస్తే ‘బాగా అయింది’ అన్న మాటే ఎక్కువ. దొంగ పట్ల కోపం సహజమే. కానీ ఆ కోపం దగ్గరే ఆగిపోతే అసలు విషయాలు రెండు కనబడకుండా పోతాయి. ఒకటి, కోసిన తీగ దొంగను మాత్రమే చంపదు. మర్నాడు పొద్దున పొలానికి వచ్చిన రైతును, మరమ్మతుకు ఎక్కిన లైన్‌మన్‌ను, మేతకు వెళ్లిన ఆవును కూడా చంపుతుంది. రెండు, ఈ వ్యాపారంలో పెద్ద వాటా దక్కేవాడు ఎప్పుడూ స్తంభం దగ్గరకు రాడు.

తీగలో రాగి లేదు, ఉన్నది డబ్బాలో

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఊళ్లో స్తంభాల మీద కనిపించే కరెంటు తీగల్లో ఇప్పుడు రాగి దాదాపు లేదు. దశాబ్దాల కిందటే పంపిణీ సంస్థలు అల్యూమినియానికి మారిపోయాయి. 11 కేవీ లైన్లలో ఎక్కువగా కనిపించేవి ఉక్కు తీగ చుట్టూ అల్యూమినియం పోగులు పేనిన కండక్టర్లు, లేదా పూర్తిగా అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. ఇది తెలియక లైను కోసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు, తెలిసి అల్యూమినియం కోసమే కోసేవాళ్లూ ఉంటారు.

రాగి ప్రధానంగా ఉండేది నాలుగు చోట్ల. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టలు. సబ్‌స్టేషన్లలో భూమిలోకి దింపిన ఎర్తింగ్. బోరు మోటార్లకు, స్టార్టర్లకు వెళ్లే కేబుళ్లు. నాలుగోది రైలు మార్గాల మీద వేలాడే తీగ.

ఈ చివరిది చిన్న విషయం కాదు. 2025 నాటికి దేశంలోని బ్రాడ్‌గేజ్ రైలు మార్గాల్లో 98 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. ఇంజిన్ పైనున్న పాంటోగ్రాఫ్ తాకే కాంటాక్ట్ వైరు గట్టి రాగితో చేసింది, దాని అడ్డుకోత వైశాల్యం 107 చదరపు మిల్లీమీటర్లు. రాగి సాంద్రతతో లెక్కగడితే మీటరుకు దాదాపు 950 గ్రాములు, అంటే కిలోమీటరుకు టన్నుకు కాస్త తక్కువ. అందులో ప్రవహించేది 25 వేల వోల్టులు.

ఇప్పుడు ధర సంగతి. 2024 మే నెలలో లండన్ మెటల్ ఎక్స్‌ఛేంజ్‌లో రాగి ధర తొలిసారి టన్నుకు 11 వేల డాలర్లు దాటింది. అప్పటి మారకపు విలువలో కిలోకు 900 రూపాయల పైమాటే. 2025లో ఆ రికార్డూ చెరిగిపోయింది. ఎలక్ట్రిక్ వాహనాలు, సౌర విద్యుత్, డేటా సెంటర్లు అన్నిటికీ రాగి కావాలి. మన దేశంలో ఇంకో కారణం తోడైంది. ఏడాదికి 4 లక్షల టన్నుల సామర్థ్యమున్న తూత్తుకుడి స్టెరిలైట్ కర్మాగారం 2018 మేలో మూతపడింది. కాలుష్యానికి వ్యతిరేకంగా సాగిన నిరసనలో పోలీసు కాల్పులకు 13 మంది బలైన తర్వాత తమిళనాడు ప్రభుత్వం దాన్ని మూయించింది. అప్పటివరకూ శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసిన దేశం దిగుమతిదారుగా మారింది. గుజరాత్‌లోని ముంద్రాలో కొత్త కర్మాగారం 2024లో మొదలైనా గిరాకీ తగ్గలేదు. అందుకే పాత రాగికి ఇంత విలువ. కరిగించిన రాగి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఎన్నిసార్లు కరిగించినా దాని గుణం తగ్గదు కూడా. దొంగకు కలిసొచ్చేది ఈ రెండు లక్షణాలే.

ఫ్యూజు తీసేశాం కదా అన్న ధీమా

పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకవైపు 11 వేల వోల్టులు వస్తాయి, రెండోవైపు 433 వోల్టులు బయటకు వెళ్తాయి. పైన ఏబీ స్విచ్ ఉంటుంది, దాని కింద హెచ్‌జీ ఫ్యూజులు. స్విచ్ హ్యాండిల్ కిందికి లాగితే కరెంటు పోయిందనే నమ్మకం దొంగకే కాదు, చాలామంది రైతులకూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన ఏబీ స్విచ్‌లో మూడు బ్లేడ్లలో రెండు తెరుచుకుని ఒకటి అతుక్కుపోయి ఉండవచ్చు. హ్యాండిల్ కిందికే వస్తుంది, ఒక ఫేజు మాత్రం పైన బతికే ఉంటుంది. కింద నిలబడి చీకట్లో చూస్తే ఆ తేడా తెలియదు. లైన్‌మన్లు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకున్న తర్వాత కూడా తీగలను భూమికి కలిపి, ఆ తర్వాతే చేయి పెట్టాలన్న నియమం ఉన్నది ఇందుకే.

రెండో ధీమా సరఫరా వేళల మీద. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటలు ఇస్తారు. రాత్రి పొలాల లైన్లు చచ్చిపడి ఉంటాయని అనుకుంటారు. కానీ పొలాల్లోని ఇళ్ల కోసం చాలా చోట్ల అదే లైను మీద రాత్రిపూట సింగిల్ ఫేజ్ కరెంటు ఉంటుంది. ఏదో మరమ్మతు కోసం ఆపిన లైనును ఎప్పుడైనా మళ్లీ చార్జి చేయవచ్చు. సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక మనిషి ఉన్నాడని తెలిసే అవకాశమే లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక ‘కరెంటు లేని వేళ’ అన్న లెక్క అసలే కుదరదు.

మూడోది వెనక నుంచి వచ్చే కరెంటు. ఎవరో జనరేటర్ వేస్తే, దాన్ని సరిగా విడదీయకపోతే, 433 వోల్టుల వైపు నుంచి ఎదురు ప్రవాహం వస్తుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరిగి వేల వోల్టులుగా పెంచి పైకి పంపుతుంది. ఆపేసిన లైను మీద లైన్‌మన్లు చనిపోయే కారణాల్లో ఇదొకటి.

ఇక చేయి తగిలితే ఏమవుతుంది? 11 కేవీ లైనులో ఒక ఫేజుకూ భూమికీ మధ్య ఉండేది సుమారు 6,350 వోల్టులు. చర్మం తడిసినప్పుడు మనిషి శరీరపు నిరోధం వెయ్యి ఓమ్‌లకు అటూఇటూ. భాగహారం చేస్తే ఆరు ఆంపియర్ల పైన. ఇళ్లలో ప్రాణరక్షణ కోసం పెట్టుకునే బ్రేకర్ 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయేలా తయారుచేస్తారు. గుండె లయ తప్పడానికి దాదాపు వంద మిల్లీ ఆంపియర్లు చాలు. అంటే చనిపోవడానికి సరిపోయేదానికి అరవై రెట్లు. బతికి బయటపడ్డవాళ్ల సంగతి ఇంకో నరకం. కరెంటు ప్రవేశించిన చేయి, బయటకు వెళ్లిన కాలు లోపలి నుంచి కాలిపోతాయి. పైకి చిన్న మచ్చలా కనిపించే గాయం వెనక కండరం మొత్తం చచ్చిపోయి చేయి తీసేయాల్సి రావచ్చు.

రైలు తీగ దగ్గర తాకాల్సిన అవసరం కూడా లేదు. 25 కేవీ తీగకు రెండు మీటర్ల దూరంలోకి ఏ భాగమూ రాకూడదని రైల్వే హెచ్చరిస్తుంది. చేతిలో ఇనుప కడ్డీ, తడి తాడు ఉంటే ఆ దూరం ఇట్టే కరిగిపోతుంది. మెరుపులా ఎగిసే ఆర్క్ వేడి వేల డిగ్రీలు. ఒంటి మీది బట్టలు ముందు అంటుకుంటాయి.

ఇదంతా అయ్యాక కూడా ప్రమాదం పూర్తి కాదు. కేబుల్‌పై ఉన్న పీవీసీ తొడుగును ఒలిచే ఓపిక లేక ఊరి బయట కుప్పపోసి తగలబెడతారు. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఉంటుంది, డయాక్సిన్లు ఉంటాయి. చాలాసార్లు ఈ కాల్చే పని చేసేది దొంగ కూడా కాదు. తుక్కు ఏరుకుని బతికే కుటుంబంలోని ఆడవాళ్లు, పిల్లలు.

మర్నాడు పొద్దున ఎవరు చనిపోతారు

దొంగ వెళ్లిపోయాక మిగిలే ప్రమాదం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

తెగిన తీగ నేల మీద పడితే వెంటనే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోతుందని చాలామంది నమ్మకం. అన్నిసార్లూ అలా జరగదు. ఎండిన ఇసుక నేల మీద, రాతి నేల మీద పడిన తీగ నుంచి భూమిలోకి వెళ్లే కరెంటు చాలా తక్కువ. బ్రేకర్ దాన్ని మామూలు మోటారు లోడుగానే భావిస్తుంది. తీగ గంటల తరబడి బతికే ఉంటుంది. దాని చుట్టూ నేలలో వోల్టేజీ వలయాలుగా పరుచుకుంటుంది. తీగకు దగ్గరగా ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ. ఆ నేల మీద అడుగు వేసినప్పుడు ఒక కాలు ఒక వోల్టేజీ మీద, ఇంకో కాలు మరో వోల్టేజీ మీద పడతాయి. ఆ తేడా ఒంట్లోంచి ప్రవహిస్తుంది. అడుగు ఎంత పెద్దదైతే తేడా అంత పెద్దది. పశువుల ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, మధ్యలో గుండె ఉంటుంది. తెగిన తీగ దగ్గర మనుషుల కంటే ముందు ఎద్దులు, గేదెలు పడిపోయేది ఇందువల్లే. వాటిని లాగడానికి పరుగెత్తిన రైతు తర్వాత పడిపోతాడు.

ఎర్తింగ్ తీగను కోసుకెళ్తే నష్టం కంటికి కనబడదు. ఆ రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. ఎప్పుడో లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఒంటికి, దాని చుట్టూ వేసిన ఇనుప కంచెకు కరెంటు వస్తుంది. ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేసేది. లేకపోతే కంచెను ఆనుకున్న మనిషి ద్వారానే భూమిలోకి పోతుంది. ఆ చావుకూ నెలల కిందటి దొంగతనానికీ సంబంధం ఎవరూ కలపరు.

న్యూట్రల్ తీగ పోతే ఇంకో రకం నష్టం. మూడు ఫేజుల మధ్య లోడు సమానంగా లేనప్పుడు, న్యూట్రల్ తెగిన క్షణంలో కొన్ని ఇళ్లకు 230 వోల్టులకు బదులు 300, 350, కొన్నిసార్లు 400కు చేరువగా వస్తుంది. వీధి వీధంతా టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోయాయన్న వార్తల వెనక ఎక్కువగా ఉండేది ఇదే. ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ మీద ఉన్న రోగి ఇంట్లో ఇది జరిగితే నష్టం సామాన్లతో ఆగదు.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె. అది లోపలి చుట్టలను చల్లబరుస్తుంది, వాటి మధ్య కరెంటు దూకకుండా ఆపుతుంది. దొంగలు దాన్ని పొలంలో ఒంపేస్తారు. పదుల లీటర్ల ఖనిజ తైలం మట్టిలో ఇంకుతుంది, ఆ చోట పైరు లేవదు. కొంచెం వేడి, ఒక నిప్పురవ్వ దొరికితే అంటుకుంటుంది.

వీటన్నిటికీ మన ఊళ్లలో ఉన్న ఒక అలవాటు తోడవుతుంది. లైన్‌మన్ కొరత వల్ల, పిలిచినా రాత్రి రాకపోవడం వల్ల రైతులే ఫ్యూజు వేసుకుంటారు, రైతులే ఏబీ స్విచ్ ఎత్తుతారు. నీళ్లు పారడం లేదని చీకట్లో టార్చితో వెళ్లిన రైతుకు ఎదురయ్యేది రోజూ చూసే ట్రాన్స్‌ఫార్మర్ కాదు. మూత తీసి, తీగలు బయటికి లాగి, కాళ్ల కింద నూనె పారి ఉన్న శిథిలం. నారు ఎండుతోందన్న ఆత్రంలో ఉన్న మనిషి అవన్నీ గమనించి ఆగుతాడని అనుకోలేం.

చీకట్లో 25 రోజులు

ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఒక ఊరికి ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూ జిల్లా సోరహా గ్రామం చూపించింది. 2024 డిసెంబరు 14 రాత్రి అక్కడి 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను దొంగలు దించి, లోపలి విలువైన భాగాలు తీసుకుపోయారు. దాదాపు ఐదు వేల మంది ఉన్న ఊరు మూడు వారాలు దాటినా చీకట్లోనే ఉంది. బోర్డు పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఫోను చార్జింగ్ కోసం పక్క ఊరికి నడిచే పెద్దలు, ఉత్తరాది చలికాలం. ఈ విషయం జాతీయ వార్తగా మారింది కాబట్టి మనకు తెలిసింది. మారని ఊళ్లు ఎన్నో.

తెలుగు రాష్ట్రాల్లో విద్యుత్ నియంత్రణ మండళ్లు పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలి. మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లే బాధ్యత కూడా డిస్కంలదే. ఆచరణలో ఏం జరుగుతుందో ప్రతి రైతుకూ తెలుసు. ట్రాక్టరు మాట్లాడుకోవడం, తలా కొంత చందా వేసుకోవడం, ఆఫీసు చుట్టూ తిరగడం. దొంగతనం అయితే ఇంకో మెట్టు ఉంది, ముందు ఎఫ్‌ఐఆర్ కావాలి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవడానికి రెండు రోజులు, డిస్కం అంచనాకు మరికొన్ని రోజులు. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు వారం ఆలస్యమంటే పంట చేతికి రానట్టే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద పది పదిహేను బోర్లు ఉంటే పది పదిహేను కుటుంబాల సాగు ఒకేసారి ఆగుతుంది. అందులో కౌలు రైతు ఉంటే అతని పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

బంగ్లాదేశ్‌లో గ్రామీణ విద్యుత్ సమితుల పరిధిలోనూ ఇదే బాధ. సేద్యపు ట్రాన్స్‌ఫార్మర్ పోతే కొత్తదాని ధరలో వాటా తామే కట్టాల్సి వస్తోందని అక్కడి రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. పాకిస్తాన్‌లో సింధ్, పంజాబ్ పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ల చోరీ అక్కడి పంపిణీ కంపెనీలకు నిత్య సమస్య. సరిహద్దులు దాటినా మారని విషయం ఒకటే, దొంగతనం నష్టం చివరికి నీళ్ల కోసం ఎదురుచూసే రైతు మీద పడుతుంది.

నగరాలు దీనికి అతీతం కావు. 2024 డిసెంబరు 5న ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో మోతీనగర్, కీర్తినగర్ స్టేషన్ల మధ్య కేబుల్ చోరీ జరిగింది. పగలంతా రైళ్లు నెమ్మదిగా నడిచాయి. రాత్రి సర్వీసులు ముగిశాకే బాగుచేయగలమని మెట్రో సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. సిగ్నల్ కేబుల్ తెగితే సిగ్నళ్లు ఎర్రగా మారేలా వ్యవస్థను రూపొందించారు కాబట్టి వెంటనే ప్రమాదం జరగదు. కానీ ఆ తర్వాత రైళ్లు నడిచేది మనుషుల మాట మీద, కాగితపు అనుమతుల మీద. యంత్రం చేయాల్సిన జాగ్రత్తను అలసిన మనిషి చేయాల్సి వస్తుంది.

చట్టం ఉంది, అది ఎవరిని పట్టుకుంటుంది?

చట్టాల కొరత లేదు. విద్యుత్ చట్టం-2003లోని 136వ సెక్షన్ ప్రకారం లైన్లు, విద్యుత్ సామగ్రి దొంగిలిస్తే మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, పది వేలకు తగ్గకుండా జరిమానా. అదే సెక్షన్ దొంగ సామగ్రిని నిల్వ ఉంచినా, రవాణా చేసినా నేరమే అంటుంది. 137వ సెక్షన్ దొంగ సొత్తని తెలిసి కొన్నవారికి కూడా మూడేళ్ల వరకు శిక్ష చెబుతోంది. ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం-1984 విద్యుత్ వ్యవస్థలను ధ్వంసం చేస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్ల కఠిన కారాగార శిక్ష విధిస్తుంది. రైల్వే సొత్తు విషయంలో 1966 నాటి చట్టం ఇంకా గట్టిది. అది దొంగతనం రుజువు చేయమని అడగదు, అక్రమంగా దగ్గర ఉంచుకోవడమే నేరం.

కాగితం మీద కొనేవాడూ దొంగా సమానులే. పోలీసుల ప్రెస్‌మీట్లలో మాత్రం బల్ల వెనక ముసుగులతో నిలబడేవాళ్లు తరచూ ఒకే రకం మనుషులు. కూలీలు, ఆటో డ్రైవర్లు, ఒకప్పుడు కాంట్రాక్టరు కింద లైను పని చేసి మానేసినవాళ్లు. బల్ల మీద రాగి చుట్టలు, రెండు బైకులు. కొన్న దుకాణదారు కొన్ని కేసుల్లో చివరి నిందితుడిగా కనిపిస్తాడు, చాలా కేసుల్లో ‘పరారీలో’ ఉంటాడు. అతని దగ్గర కొన్న పెద్ద వ్యాపారి, ఆ తర్వాత కరిగించిన కొలిమి ఎఫ్‌ఐఆర్‌లోకి రావడం అరుదు. కాల్చి ముద్ద చేసిన రాగిలో ఏది బోరు కేబుల్‌దో, ఏది రైల్వేదో, ఏది ఇంటి పాత వైరింగ్‌దో కోర్టులో రుజువు చేయడం కష్టం.

డబ్బు లెక్కా అలాగే ఉంటుంది. ప్రాణం పణంగా పెట్టినవాడికి దక్కేది మార్కెట్ ధరలో చిన్న భాగం. రాత్రికి రాత్రి వదిలించుకోవాలి కాబట్టి అతను బేరమాడలేడు. అతను తెచ్చిన రాగి విలువ కంటే డిస్కం కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టే ఖర్చు ఎన్నో రెట్లు. ఆ ఖర్చు చార్జీల్లోనో, ప్రభుత్వ సబ్సిడీలోనో కలిసి మళ్లీ మన దగ్గరకే వస్తుంది.

లెక్కలోకి రాని చావులు

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల నివేదికల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో దేశంలో విద్యుదాఘాతంతో ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నారు. అంటే రోజుకు ముప్పై మందికి పైనే. వీరిలో తీగలు కోస్తూ పోయినవాళ్లు ఎందరు, వాళ్లు కోసిన తీగలకు బలైనవాళ్లు ఎందరు అన్నది ఆ పట్టికలో విడిగా ఉండదు. విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ప్రతి విద్యుత్ ప్రమాదాన్ని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలి, మరణమైతే 24 గంటల్లోపే. కారణం విచారించి నివేదిక రాసే యంత్రాంగం ఉంది. ఆ నివేదికల నుంచి ‘దొంగతనం వల్ల దెబ్బతిన్న లైను’ అన్న కారణాన్ని విడదీసి ఏటా ప్రకటిస్తే చాలు, ఏ మండలంలో, ఏ నెలల్లో, ఏ రకం పరికరం దగ్గర మనుషులు పోతున్నారో తెలుస్తుంది.

బాధితుల పరిహారానికి కూడా ఇది అవసరం. ‘తీగ మేం కోయలేదు, ఎవరో దొంగలు కోశారు’ అని డిస్కంలు చేతులు దులుపుకునే ప్రయత్నం చేస్తుంటాయి. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. రాత్రి వానలో సైకిల్‌పై వెళ్తున్న వ్యక్తి రోడ్డు మీద పడిన తీగ తగిలి చనిపోయాడు. ఎవరో అక్రమంగా కరెంటు లాక్కున్న తీగ అది, మాకు సంబంధం లేదని బోర్డు వాదించింది. ఇంత ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసే సంస్థ, మూడో వ్యక్తి చేసిన పని వల్ల హాని జరిగినా బాధ్యత వహించాల్సిందేనని కోర్టు చెప్పింది. తెగిన తీగకు బలైన రైతు కుటుంబం ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి.

ఏం చేస్తే తగ్గుతుంది

మొదటిది సాంకేతికం. రాగి ఆకర్షణనే తీసేయడం. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో అల్యూమినియం చుట్టలు వాడటం ఇప్పటికే ఉంది. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో దాదాపు 60 శాతమే కాబట్టి అదే పనికి ట్రాన్స్‌ఫార్మర్ కొంత పెద్దదవుతుంది. కానీ తుక్కు ధర రాగిలో నాలుగో వంతుకు అటూఇటూ. చిక్కేమిటంటే, బయట నుంచి చూసి లోపల ఏముందో దొంగకు తెలియదు. రాగి లేని డబ్బాను కూడా పగలగొట్టి చూస్తాడు. ‘ఇందులో రాగి లేదు’ అని స్థానిక భాషలో పెద్ద అక్షరాలతో రాయడానికి పెయింటు ఖర్చు తప్ప ఇంకేం లేదు.

రెండోది సమాచారం. 2021లో మొదలైన కేంద్ర పంపిణీ సంస్కరణల పథకం కింద ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెడుతున్నారు. కరెంటు పోయిన క్షణంలో చివరి సందేశం పంపే మీటరు ఉంటే, అర్ధరాత్రి ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే మూగబోయిందని సబ్‌స్టేషన్‌కు తెలుస్తుంది. ఆ సందేశం బిల్లింగ్ విభాగంలో ఆగిపోకుండా స్థానిక లైన్‌మన్‌కు, పోలీసు కంట్రోల్ రూముకు చేరాలి. మీటర్లు పెట్టడం కంటే కష్టమైన పని ఈ రెండు శాఖలనూ కలపడమే.

మూడోది, అసలైనది, తుక్కు దుకాణం. బ్రిటన్‌లో పదిహేనేళ్ల కిందట రైల్వే కేబుళ్ల చోరీ విపరీతంగా పెరిగినప్పుడు వాళ్లు తుక్కుకు నగదు చెల్లింపును నిషేధించారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది, మరుసటి ఏడాది చట్టంతో లైసెన్సు, గుర్తింపు పత్రం తప్పనిసరి అయ్యాయి. దక్షిణాఫ్రికా ఇంకో దారి పట్టింది. 2022 నవంబరులో రాగి తుక్కు ఎగుమతినే ఆపేసింది. మన దగ్గర 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివారి దగ్గర లోహపు తుక్కు కొనే రిజిస్టర్డ్ వ్యాపారే జీఎస్టీ కట్టాలన్న నిబంధన వచ్చింది. పన్ను ఎగవేత ఆపడానికి తెచ్చిన ఈ నియమాన్ని దొంగతనం ఆపడానికీ వాడుకోవచ్చు. ఎవరి దగ్గర ఎంత కొన్నారో కాగితం పుడుతుంది కాబట్టి. కానీ మొదటి మెట్టులోని చిన్న దుకాణానికి రిజిస్ట్రేషన్ ఉండదు. రాగికి మాత్రమైనా, ఎంత చిన్న మొత్తమైనా నగదు ఇవ్వకూడదని, అమ్మినవారి గుర్తింపు రాసుకోవాలని రాష్ట్రాలు నియమం పెడితే ఆ ఖాళీ పూడుతుంది.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. వీధుల్లో తిరిగి ప్లాస్టిక్, ఇనుము, పాత వైరు ఏరుకుని బతికే లక్షల మంది ఇదే గొలుసులో ఉన్నారు. వాళ్ల బ్యాగులో పావుకిలో రాగి దొరికితే ట్రాన్స్‌ఫార్మర్ కేసులో ఇరికించే ప్రమాదం ఉంది. నియమం బరువు అమ్మేవాళ్ల మీద కాకుండా కొనేవాళ్ల మీద, అందులోనూ కాల్చిన రాగిని బస్తాల్లో కొనేవాళ్ల మీద పడాలి.

నాలుగోది, దొంగతనం జరిగాక రైతును శిక్షించకపోవడం. కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం ప్రకారం ఫిర్యాదును ఎలక్ట్రానిక్ రూపంలో పంపి మూడు రోజుల్లో సంతకం చేస్తే సరిపోతుంది. ఏఈ ఆఫీసు నుంచే ఆ ఫిర్యాదు వెళ్లేలా చేసి, ఎఫ్‌ఐఆర్ కోసం ఆగకుండా 48 గంటల్లో ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. ఆలస్యమయ్యే ప్రతి రోజూ రైతు సొంతంగా తీగలు ముట్టుకునే ప్రమాదం పెరుగుతుంది.

ఈలోగా ఊళ్లో ఉన్నవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. పగలగొట్టిన ట్రాన్స్‌ఫార్మర్, తెగిన తీగ కనిపిస్తే అది చచ్చిన తీగ అనుకోవద్దు. కనీసం పది మీటర్ల దూరంలో ఆగి, పిల్లలను, పశువులను అటు రానివ్వకుండా 1912కు ఫోను చేయాలి. ఆ పరిధిలో ఇరుక్కుపోతే పరుగెత్తకూడదు, పాదాలు రెండూ కలిపి ఉంచి చిన్న చిన్నగా జరుగుతూ బయటకు రావాలి. పడిపోయిన మనిషిని కర్రతో లాగవచ్చన్న నమ్మకం ఇంటి కరెంటు విషయంలో కొంత నిజం కావచ్చు, 11 వేల వోల్టుల దగ్గర ఎండిన కర్ర కూడా నమ్మదగింది కాదు. సబ్‌స్టేషన్‌లో లైను ఆపేశారని ఖాయం చేసుకున్నాకే దగ్గరకు వెళ్లాలి. పడిపోయినవాడు దొంగ అయినా రైతు అయినా చేయాల్సింది ఇదే.